రెండుసార్లు తొక్కే బ్రేకు

ఫిబ్రవరి 2

బంగారుతల్లీ,

ముందు ఎక్కడైనా కూర్చో, తర్వాత చదువు. బస్సు నడుపుతూ మాత్రం చదవకు, నీ వెనక బోలెడు ప్రాణాలుంటాయి. కూర్చున్నావా? జీపు అమ్మేశాను!

అవునమ్మా, మన ముసలిదాన్నే. నువ్వూ మీ అమ్మా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్న పని ఇన్నాళ్లకి అయింది. గేటు దాకా తారురోడ్డు పడ్డాక నాలుగు చక్రాలూ లాగే బండితో నాకేం పని చెప్పు? పాలక్యాన్లు ఆటోలో ఝామ్మని పోతున్నాయి. ఆవులకి గడ్డి మన బీడులోనే ఉంది. ఆ జీపెక్కేటప్పుడు నా మోకాళ్లు పెట్టే కేకలు పాలకేంద్రం దాకా వినపడుతున్నాయని మీ అమ్మ ఎగతాళి. బండి అమ్మితే నేను ఏడుస్తాననుకున్నారు కదూ మీరిద్దరూ? ఏడవలేదు. పైగా సంతోషం పట్టలేక పొద్దున్నుంచి ఆవులకి కూడా ఇదే చెబుతున్నాను. ఎందుకంటే బండి చేరాల్సిన చేతికే చేరింది.

కొండమీద పండ్లతోటల దగ్గరికి కొత్తగా ఒక తేనెటీగల అబ్బాయి వచ్చాడు. పెళ్లయి ఏడాది తిరగలేదు. ఎక్కడ పూత ఉంటే అక్కడికి ఈగల పెట్టెలు మోసుకుపోవాలి. ఆ దారుల్లో మామూలు బండి కదలదు. మన జీపు చూడగానే వాడి మొహం చేటంత అయింది. వాడి భార్య, ఆ అమ్మాయైతే బానెట్టు మీద చెయ్యి వేసి, పశువుని నిమిరినట్టు నిమిరింది. అప్పుడే అనుకున్నాను, ఇచ్చేది వీళ్లకేనని.

నడిపి చూపించాను. వాగులో దించాను, గట్టెక్కించాను, కొండ మలుపు నుంచి జారుడుగా వచ్చి మన గేటుకి జానెడు దూరంలో టక్కున ఆపాను. వాడు నోరు వెళ్లబెట్టాడు. "నేనోసారి నడిపి చూడనా బాబాయ్?" అన్నాడు. "నీదయ్యాక జీవితమంతా నడుపుకుందువుగానీ, ఈ ఒక్కపూట నన్ను నడుపుకోనియ్యి నాయనా" అన్నాను. పాపం, సరేనని పక్కసీట్లో బుద్ధిగా కూర్చున్నాడు.

లోపాలు కూడా ఏకరువు పెట్టాను. ఎడమ తలుపుకి తాడు కట్టాలి, కుడివైపు తిప్పితే హారను దానంతట అదే మోగుతుంది, వాన పడితే పక్కసీటు వాళ్ల ఒళ్లో ధార కారుతుంది, అన్నీ చెప్పాను. మీ అమ్మ వెనకనుంచి గిల్లుతూనే ఉంది. "ఈయన అమ్ముతున్నాడా, తిడుతున్నాడా?" అని ఆ అమ్మాయితో అందట. "ఇవి తప్ప దీనికి ఇంకో లోపం లేదు, పూచీ నాది" అని వాడి చేతిలో చెయ్యి వేసి చెప్పాను.

తాళం ఇచ్చేముందు మాత్రం బానెట్టు ఒకసారి నేనూ నిమిరాను. మీ అమ్మతో చెప్పకు.

ఇట్లు, బరువు దిగి గాల్లో తేలుతున్న
మీ నాన్న

ఫిబ్రవరి 8

నాన్నా,

నీ ఉత్తరం డిపోలో టీ తాగుతూ చదివాను. గట్టిగా నవ్వేసరికి మా కండక్టరు లాక్కుని తనూ చదివింది. "మీ నాన్న బండి అమ్మినట్టు లేదే, అమ్మాయిని అత్తారింటికి పంపినట్టుంది" అంటోంది. నన్ను పంపినప్పుడు కూడా నువ్వింత ఉత్తరం రాయలేదని చెప్పాను.

మంచి పని చేశావు. నాకు నిజంగా సంతోషంగా ఉంది. నువ్వు ఆ మలుపు దిగుతుంటే ఇక్కడ నాకు గుండె జారేది.

తలుపు తాడు దగ్గర్నుంచీ అన్నీ చెప్పావు కాబట్టి బ్రేకు సంగతి కూడా చెప్పే ఉంటావులే. అది మనకి అలవాటు. కొత్తవాళ్లకి తెలియదు కదా, అందుకని అడుగుతున్నాను.

ఇక్కడ నాకు కొత్త రూటు ఇచ్చారు. ఆసుపత్రి ముందునుంచి పోతుంది. ఎక్కేవాళ్లంతా ముసలివాళ్లే. ఒకాయన రోజూ నా వెనక నిలబడి "అమ్మాయ్, చిన్నగా" అంటాడు. ఆ గొంతు అచ్చం నీ గొంతే. కాకపోతే నువ్వు "అమ్మాయ్, గట్టిగా" అనేవాడివి.

అమ్మని మోకాళ్లకి నూనె రాసుకోమను. నిన్ను కూడా.

నీ కూతురు

ఫిబ్రవరి 13

తల్లీ,

ఆవు ఈనింది. పెయ్యదూడ, నుదుటిమీద తెల్లచుక్క, పుట్టిన పూటే తల్లిని తన్నింది. మీ అమ్మ దానికి నీ ముద్దుపేరు పెట్టింది. కోప్పడకు.

తేనె అబ్బాయి నిన్న వచ్చి సీసాడు తేనె ఇచ్చి వెళ్లాడు. ఇంకా కొండ కింద చదును మీదే నడకంత మెల్లగా, గేరు తగ్గించి ఆపుకుంటూ తోలుతున్నాడట, పూత మొదలయ్యాక పైకి ఎక్కిస్తాడట. కుడివైపు తిరిగినప్పుడల్లా హారను మోగుతుంటే పిల్లలంతా వెనక పరిగెడుతున్నారట. ఎంత నవ్వాడో! ఆ నవ్వు చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

ఇక నువ్వు రాసిన ఒక ముక్క. అది మీ అమ్మకి చదివి వినిపించలేదు. బ్రేకు సంగతి చెప్పావా అని అడిగావు. ఏ బ్రేకు సంగతమ్మా? తొక్కితే ఆగుతుంది, బ్రేకుకి ఇంకేం సంగతుంటుంది? ఇన్నేళ్లలో అది నన్ను ఒక్కసారి కూడా మోసం చేయలేదు. హారను గురించి చెప్పినవాణ్ణి బ్రేకు గురించి దాచిపెడతానా? మీ నాన్న మాటకారి, కోతలరాయుడు, అది ఒప్పుకుంటాను. దొంగ మాత్రం కాదు. పెద్ద బస్సులు నడుపుతున్నావు, పెద్దదానివయ్యావు, సంతోషమే. కానీ ఆ ముక్క చదివి ఆ పూట నాకు అన్నం సయించలేదు.

సరేలే. దూడ ఆరోగ్యంగా ఉంది.

మీ నాన్న

ఫిబ్రవరి 19

నాన్నా,

నిన్ను దొంగని నేనెప్పుడన్నాను? నీకు తెలుసనుకునే అలా రాశాను. నీకు తెలియదని నాకిప్పుడు తెలిసింది. నవ్వాలో ఏడవాలో అర్థం కావడంలేదు.

మన జీపు బ్రేకు మొదటిసారి తొక్కితే పట్టదు నాన్నా. ఉత్తినే కిందికి పోతుంది. రెండోసారి తొక్కితేనే ఆగుతుంది. నాకు బండి నేర్పినప్పుడు నువ్వెప్పుడూ "తొక్కు తొక్కు" అనేవాడివి, గుర్తుందా? ఒక్కసారి అనేవాడివి కాదు. బ్రేకంటే రెండుసార్లు తొక్కేదే అనుకుని పెరిగాను. ఇక్కడ బస్సు శిక్షణలో మొదటిరోజు అలాగే తొక్కితే వెనక కూర్చున్నవాళ్లంతా సీట్లమీదనుంచి ముందుకొచ్చి పడ్డారు. "ఏమ్మా, నేల దంచుతున్నావా?" అన్నాడు నేర్పేవాడు. ఆ రోజే నాకు తెలిసింది, మిగతా లోకంలో బ్రేకు ఒక్కసారి తొక్కితే చాలని.

నువ్వు దాచలేదు. ఆ లోపం నీ కాలికి తెలుసు, నీకు తెలియదు. అంతే.

పాలకేంద్రానికి ఫోన్ చేసి నిన్ను పిలిపిద్దామనుకున్నాను. నీకు ఫోనులో సగం వినపడదు, నేను అరిచి చెప్పాలి, అక్కడున్నవాళ్లంతా వింటారు. అందుకని ఊరుకుని ఉత్తరమే రాస్తున్నాను. ఇది చూడగానే ఆ అబ్బాయికి చెప్పు. కొండ ఎక్కకముందే చెప్పు.

నీ కూతురు

ఫిబ్రవరి 20

చిట్టితల్లీ,

ఈరోజు పొద్దున తేనె అబ్బాయి ఈగల పెట్టెలతో కొండ దిగుతూ, మలుపు దగ్గర ఆగకుండా వచ్చి పాలకేంద్రం గోడని గుద్దాడు. ప్రాణానికేం భయం లేదు. కాలు విరిగింది. రెండు పెట్టెలు కిందపడి పగిలాయి. పాలు పోయడానికి వరసలో ఉన్నవాళ్లంతా క్యాన్లు పారేసి పరుగో పరుగు. నన్ను మెడమీద రెండు కుట్టాయి. పాలు రోడ్డంతా పారాయి.

"బ్రేకు తొక్కాను, పట్టలేదు" అని వాడు అరుస్తూనే ఉన్నాడు. వాడి మామగారు రిటైరైన లారీ డ్రైవరు. అందరూ లారీ మామ అంటారు. ఆయన మండిపడ్డాడు. "పట్టకపోవడానికి అదేమైనా నీ తేనెపట్టా? చేతకానివాడికి బండెందుకురా!" అన్నాడు. నువ్వు బ్రేకు గురించి అడిగిన మాట నాకు గుర్తొచ్చింది. నా పూచీ కదా మరి, ఊరుకుంటానా? అందరూ చూస్తుండగా జీపెక్కాను. ముందు భాగం సొట్టపోయింది కానీ ఇంజను మోగింది. పాలకేంద్రం ముందు ముందుకీ వెనక్కీ తోలి, తొక్కి చూపించాను. చెప్పిన చోట చెప్పినట్టు ఆగింది! "చూశారా, బ్రేకు బంగారంలా ఉంది" అన్నాను. అందరూ తలలూపారు.

సాయంత్రం వాడి ఇంటికి వెళ్లాను. కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. "మీరు బిడ్డలా చూసుకున్న బండిని పాడుచేశాను. క్షమించండి బాబాయ్" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోనీలే బాబూ. బండి నడపడం అందరికీ రాదు. నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు, క్షమించేశాను" అన్నాను. నాది ఎంత మంచి మనసో అని అక్కడున్నవాళ్లంతా అన్నారు.

జీపు తాళం మామగారు లాక్కున్నాడు. ఇక వాడు బండి తోలితే తమ దారుల్లోకి రానిచ్చేది లేదని తోటలవాళ్లు చెప్పేశారట. పూత మొదలైంది, పెట్టెలు కదలకపోతే వాడి ఏడాదంతా పోయినట్టే. పాపం, మంచివాడే. చెయ్యి తిరగలేదు, అంతే.

నీ ఉత్తరం ఇంకా రాలేదు. అలిగావా?

మీ నాన్న

ఫిబ్రవరి 25

అమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చింది.

మొదట చదివి నవ్వాను. పిచ్చిపిల్ల అనుకున్నాను. తర్వాత మీ అమ్మా నేనూ పాల ఆటోలో వస్తుంటే దూడ ఒకటి అడ్డమొచ్చింది. నడిపేది నేను కాదు, అయినా నా కుడికాలు నేలని రెండుసార్లు తన్నింది. మీ అమ్మ విసుక్కుంది. "ఎవరి బండెక్కినా ఇదే గోల. తన్నితే ఒకసారి తన్నచ్చుగా, రెండేసిసార్లు ఎందుకు దంచుతావు?" అంది. ఎన్నాళ్లనుంచి ఇలా చేస్తున్నానని అడిగాను. "నేను కాపురానికొచ్చిన కొత్తల్లో అలా లేదు. ఆ జీపు పాతబడ్డాకే" అంది.

జీపు ఇంకా పాలకేంద్రం దొడ్లోనే ఉంది. తాళం కూడా దానికే వేలాడుతోంది, ఇక దాన్ని ఎవరు ముట్టుకుంటారని మామగారు అలాగే వదిలేశాడట. ఎవరూ లేనప్పుడు వెళ్లి ఎక్కాను. నా కాలు నా మాట వినలేదు తల్లీ. ఒక్కసారే తొక్కుదామనుకుంటే రెండోది దానంతటదే పడిపోతోంది. చివరికి రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఒక్కసారే తొక్కాను. పాదం కింద ఏమీ లేదు. నీళ్లలో అడుగేసినట్టు కిందిదాకా దిగిపోయింది.

అందరి ముందూ ఆ బ్రేకు బంగారమని చెప్పింది నేనే. వాణ్ణి పక్కసీట్లో కూర్చోబెట్టి, ఒక్కసారి కూడా నడపనివ్వంది నేనే. విరిగిన కాలితో మంచం మీదున్న పిల్లాడిచేత క్షమాపణ చెప్పించుకున్నాను. పైగా క్షమించాను! ఆ మాట గుర్తొస్తే ఒళ్లంతా ముళ్లు గుచ్చుకున్నట్టుంది. ఈగలు నన్ను రెండుచోట్లే కుట్టి వదిలేశాయి.

పాలకేంద్రానికి వెళ్లడం మానేశాను. జలుబని మీ అమ్మకి చెప్పి క్యాన్లు ఆటోవాడితో పంపుతున్నాను. ఎవరైనా కనపడితే "మీలాంటి పెద్దమనుషులు ఇప్పుడెక్కడున్నారండీ" అంటున్నారు.

నువ్వు రెండురోజులు సెలవు పెట్టి రాగలవా? నువ్వు బస్సు నడిపేదానివి, నీ మాట వింటారు. నువ్వు చెబితే బాగుంటుంది. నేను పక్కనే నిలబడతాను.

మీ నాన్న

మార్చి 1

నాన్నా,

నేను రాను.

కోపం వచ్చి కాదు. నేనొస్తే ఆ మాట నాచేత చెప్పిస్తావు, నువ్వు నా వెనక నిలబడి తలూపుతావు. అప్పుడు కూడా అందరూ నిన్నే మెచ్చుకుంటారు. కూతుర్ని ఎంత బాగా పెంచాడో అంటారు.

సిగ్గుపడాల్సింది నువ్వొక్కడివే కాదు. నాకు ఆ బ్రేకు సంగతి ముందే తెలుసు. మొదటి ఉత్తరంలోనే విప్పి రాయాల్సింది. నువ్వు అంత సంతోషంగా ఉంటే ఆ సంతోషం మీద నీళ్లు చల్లబుద్ధి కాలేదు. రెండో ఉత్తరం రాసేబదులు ఫోన్ చెయ్యాల్సింది. నలుగురూ వింటే నీ పరువు పోతుందని మానేశాను. నీ పరువు కాపాడబోయి ఆ అబ్బాయి కాలు విరగ్గొట్టాను. నాలుగురోజులుగా బస్సు ఆపే ప్రతి చోటా ఇదే గుర్తొస్తోంది. ఆసుపత్రి దగ్గర ఎవరైనా కర్రతో ఎక్కితే వాళ్ల మొహం చూడలేకపోతున్నాను.

వెళ్లి చెప్పు నాన్నా. ఆలస్యమైనకొద్దీ నువ్వు తెలియక చేసింది తెలిసి చేసినట్టవుతుంది. ఆ అబ్బాయికి నా క్షమాపణ కూడా చెప్పు, వేరుగా చెప్పు. నీదాంట్లో కలిపెయ్యకు.

జలుబు తగ్గిందని అమ్మకి చెప్పు.

నీ కూతురు

మార్చి 6

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి రెండురోజులు నీతో మాట్లాడలేదు. నువ్విక్కడ లేవు కాబట్టి నీకు తెలియలేదు.

మూడోరోజు పొద్దున మీ అమ్మకి చెప్పాను. నా చొక్కా ఉతికింది తీసి చేతికిచ్చింది. "జలుబు కాదని నాకు మొదటిరోజే తెలుసు" అంది. "ముక్కు చీదకుండా జలుబేమిటి?"

ముందు పాలకేంద్రానికే వెళ్లాను. వరసలో జనం నిండుగా ఉన్నారు, లారీ మామ కూడా ఉన్నాడు. తప్పు అబ్బాయిది కాదు, నాది, బ్రేకు రెండుసార్లు తొక్కాలి, అది నేను చెప్పలేదు, అని గట్టిగా చెప్పాను. ఏమైందో తెలుసా? నమ్మలేదు! "పెద్దాయన మనసు వెన్న. కుర్రాడి మీద జాలిపడి తప్పు తన నెత్తినేసుకుంటున్నాడు" అన్నారు. లారీ మామైతే నా భుజం తట్టాడు. "ఎందుకండీ ఆ చేతకానివాడికోసం అబద్ధాలాడతారు? ఆరోజు మీరే తొక్కి చూపించారుగా" అన్నాడు. తల్లీ, తిడితే భరించేవాణ్ణి. ఆ మెచ్చుకోలుకి చచ్చిపోవాలనిపించింది.

"అయితే మీరు తోలండి" అన్నాను. "లారీలు తోలిన చెయ్యి మీది. దొడ్డి చివర ఆ గడ్డివాము దగ్గర ఆపి చూపించండి. ఒక్కసారే తొక్కండి, అందరూ తొక్కినట్టు."

ఆయన నవ్వుతూ ఎక్కాడు. నవ్వుతూనే తోలాడు. గడ్డివాము దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగింది, జీపు మాత్రం ఆగలేదు. వాములోకి మనిషి లోతున దూరిపోయింది. లోపల్నుంచి "ఓరి నాయనో!" అని ఒక్క కేక. బయటికొచ్చాక మీసాల్లో గడ్డి, చెవుల్లో గడ్డి. పాలకేంద్రమంతా పగలబడి నవ్వింది. ఆయన నవ్వలేదు. బట్టలు దులుపుకోకుండా చాలాసేపు జీపునే చూశాడు. "వాణ్ణి నేను నానా మాటలూ అన్నాను" అన్నాడు మెల్లగా. తర్వాత నావైపు తిరిగాడు. ఇక భుజం తట్టలేదు.

ఇద్దరం కలిసే అబ్బాయి ఇంటికి వెళ్లాం. గుమ్మంలో ఆ అమ్మాయి పగిలిన పెట్టెకి మేకులు కొడుతోంది. ముందు ఆమెకే చెప్పాను. సుత్తి కింద పెట్టింది. "మీరు క్షమించానన్న రోజు ఆయన ఎంత కుమిలిపోయారో తెలుసా? మనకి బండి తగదే, అమ్మేద్దామే అన్నారు. నేనూ సరేనన్నాను. ఆయనకి చేతకాదని నేను కూడా అనుకున్నాను" అంది. అని మళ్లీ సుత్తి తీసుకుంది. నన్ను లోపలికి రమ్మనలేదు. నేనే వెళ్లాను.

వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం పక్కన నేలమీద కూర్చున్నాను, కుర్చీ వేసుకోబుద్ధి కాలేదు. అంతా చెప్పాను. నీ క్షమాపణ వేరుగా చెప్పాను, నువ్వన్నట్టే. పూత ఉన్నన్నాళ్లూ నీ పెట్టెలు నేనే మోస్తాను, ఈగలు ఎన్నిచోట్ల కుడితే అన్నిచోట్ల కుట్టనీ అన్నాను. బ్రేకు తానే విప్పి బాగుచేస్తానని మామగారు గుమ్మంలోంచి అన్నాడు.

వాడు ఇవేవీ వినిపించుకున్నట్టు లేదు. వెల్లకిలా తిరిగి పైకప్పు చూశాడు. తిడతాడని తల వంచుకుని కూర్చున్నాను. తిట్టాల్సిందే కూడా.

"అయితే బాబాయ్" అన్నాడు చివరికి. "నాకు బండి నడపడం వచ్చన్నమాట."

"వచ్చు బాబూ" అన్నాను.

"మలుపు దగ్గర నేను సరిగ్గానే తొక్కానన్నమాట."

"సరిగ్గానే తొక్కావు. నీ స్థానంలో ఎవరున్నా అంతే."

లేచి కూర్చున్నాడు. నొప్పికి మొహం ముడుచుకుంది, అయినా కూర్చున్నాడు. "మావయ్యా, ఇలా రండి. బాబాయ్ ఏమంటున్నారో వినండి" అని కేకేశాడు. ఆయన పాలకేంద్రం దగ్గర విన్నాడు, చూశాడు, గడ్డి కూడా మింగాడు. అయినా వచ్చి నిలబడ్డాడు. మళ్లీ చెప్పాను. ఆ అమ్మాయిని పిలిచాడు. సుత్తి చేతిలో పట్టుకునే వచ్చింది. మళ్లీ చెప్పాను. "సాయంత్రం తోటలవాళ్లు వస్తారు. అప్పటిదాకా ఉంటారా బాబాయ్?" అన్నాడు.

ఉన్నాను తల్లీ. వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పాను. చెప్పినప్పుడల్లా సిగ్గు కొత్తగానే ఉంది, ఏమాత్రం అరగలేదు. వాడు మాత్రం ప్రతిసారీ అప్పుడే మొదటిసారి వింటున్నట్టు నా నోటివంక చూస్తూ కూర్చున్నాడు. ఆ మొహంలో సంతోషం చూసి, నాకు సంతోషించే హక్కు లేదని తెలిసి కూడా, సంతోషం ఆగలేదు.

ఈగల పెట్టెలు చేసిచ్చే వడ్రంగి ఈరోజు ఊళ్లో లేడట. ఆయన వచ్చాక ఇంకోసారి చెప్పాలి, అందుకని అబ్బాయి రేపు కూడా రమ్మన్నాడు. వెళ్తాను.

మీ నాన్న